లోహం విడిచే క్షణం

క్వార్ట్జ్ వాచీ వెనక మూత తీస్తే, బ్యాటరీ పక్కన అయిదారు మిల్లీమీటర్ల పొడవున్న సన్నని లోహపు గొట్టం ఒకటి పడుకుని ఉంటుంది. దాని లోపల రెండు కొమ్ముల శ్రుతిదండం ఆకారంలో చెక్కిన స్ఫటికం. హోసూరులో వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరు పట్టకారు కొసతో ఆ గొట్టాన్ని తాకి చూపిస్తూ, “ఇది తిరిగేది కాదు సామీ, వణికేది. దీని వణుకు వల్లనే పైన ముల్లు నడిచేది” అన్నారు. ఆ వణుకు సెకనుకు 32,768 సార్లు. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. వాచీలోని చిన్న సర్క్యూటు రాత్రింబవళ్లు చేసే పని అదే. 1984లో టైటాన్ సంస్థ ఏర్పడి హోసూరులో ఫ్యాక్టరీ పెట్టిన తరువాత, ఈ వణుకు మా వైపు ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది.

స్ఫటికం ఒక్కసారి అటూ ఇటూ ఊగడానికి సుమారు 30 మైక్రోసెకన్లు పడుతుంది. భాగవతం తృతీయ స్కంధంలో మైత్రేయుడు విదురుడికి కాలమానం చెబుతూ పరమాణువు, అణువు, త్రసరేణువు, త్రుటి, వేధ, లవం, నిమేషం, క్షణం, కాష్ఠ, లఘువు, నాడిక అంటూ మెట్లు కట్టుకుంటూ పోతాడు. నాడిక అంటే మన ఘడియ, 24 నిమిషాలు. అక్కడి నుంచి కిందికి భాగించుకుంటూ వస్తే పరమాణు కాలం సుమారు 26 మైక్రోసెకన్లని తేలుతుంది. వాచీ స్ఫటికం ఊగే కాలానికి ఇంచుమించు దగ్గరే. ఈ దగ్గరతనం చూసి మన పెద్దలకు క్వార్ట్జ్ వాచీ ముందే తెలుసని ఉపన్యాసం అందుకునే ఉత్సాహం నాకు లేదు. రెండు లెక్కలు పక్కపక్కన పడ్డాయి, అంతే. నన్ను ఆపింది ఆ కొలత పుట్టిన తీరు. సూర్యుడు పరమాణువంత చోటును దాటడానికి పట్టే కాలం పరమాణు కాలమన్నాడు మహర్షి. అంటే కదలిక లేనిదే కాలానికి కొలత లేదు.

ఇంతకన్నా సూక్ష్మంగా చెప్పినవాడు యోగసూత్రాల భాష్యకారుడు. విభూతి పాదం చివరి భాగంలో పతంజలి, క్షణం మీదా, క్షణాల వరస మీదా సంయమం చేసినవాడికి వివేకజ్ఞానం పుడుతుందని ఒక సూత్రం పెట్టాడు. క్షణం అంటే ఎంత అని అడిగేవాడికి వ్యాసభాష్యం ఇచ్చే జవాబు ఇది: కదిలిన పరమాణువు ఉన్న చోటు విడిచి పక్క చోటు చేరేంత కాలం. రెప్పపాటులో ఎన్నో వంతు అని లెక్క చెప్పలేదు. విడవడానికీ చేరడానికీ మధ్య ఎంత ఉంటే అంత. ఆ మాటతో ఆగక, రెండు క్షణాలు ఎప్పుడూ కలిసి ఉండవనీ, ఘడియలు, పగళ్లు, రాత్రులు అన్నవి బుద్ధి అల్లుకున్న వరసలేననీ, నిజంగా ఉన్న ఆ ఒక్క క్షణంలోనే లోకమంతా మారుతోందనీ తేల్చేశాడు. భాగవతంలోని క్షణం లెక్క కడితే సెకను పైచిలుకు. భాష్యకారుడి క్షణం వేరు. రెంటినీ కలిపితే గందరగోళమే.

నా చింతన అంతా ఆ విడవడం దగ్గరే తిరుగుతోంది. ఒక వస్తువు తనను కట్టి ఉంచిన చోటును ఎలా విడుస్తుంది? ఎంత బలం కావాలి? ఎప్పుడు విడుస్తుంది? వేదాంతం ఈ ప్రశ్నలు జీవుడి గురించి అడిగింది. గత ఇరవై ఏళ్లుగా లేజరు ప్రయోగశాలలు ఇవే ప్రశ్నలను ఎలక్ట్రాను గురించి అడుగుతున్నాయి. వాళ్లకు దొరికిన జవాబులు, మన సాధన గురించి నాకున్న కొన్ని అలవాటు అభిప్రాయాలను కదిలించాయి. ముఖ్యంగా నిగ్రహం అనగానే బలంగా బిగబట్టడమే గుర్తొచ్చే అభిప్రాయాన్ని.

కాలమానం సంగతి ముందు చూద్దాం. సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే వచ్చేది ఫెమ్టోసెకను. వాచీ స్ఫటికం ఒక ఊపు ముగించేలోగా మూడు వేల కోట్ల ఫెమ్టోసెకన్లు గడిచిపోతాయి. ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జువైల్, అణువుల్లో బంధాలు తెగే తీరును ఇంత చిన్న లేజరు మెరుపులతో చూసి 1999లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నాడు. భాష్యకారుడు చెప్పిన పరమాణువు కదలిక అక్కడ కొలతకు చిక్కింది. ఎలక్ట్రాను ఇంకా తేలిక. దాని కదలికకు ఫెమ్టోసెకను కూడా పెద్దదే. దాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేసి అట్టోసెకన్లతో కొలవాలి. అంత చిన్న వెలుగు తునకలను సృష్టించే పద్ధతులకే 2023లో పియెర్ అగోస్తిని, ఫెరెన్స్ క్రౌజ్, ఆన్ లుయిలియెలకు భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక లోహం. హోసూరులో వాచీలతో పాటు బంగారు నగలూ తయారవుతాయి గనుక బంగారాన్నే తీసుకుందాం. మెడలో కదలకుండా పడి ఉన్న గొలుసులో, ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా తిరిగే ఎలక్ట్రాన్లు సెకనుకు 1,400 కిలోమీటర్ల దాకా వేగంతో పరుగెడుతుంటాయి. అంత వేగమున్నా ఒక్కటీ గొలుసు దాటి బయటపడదు. అంచు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. బయటపడటానికి ఇంకా సుమారు 5 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి తక్కువ పడుతుంది. ఆ లోటును మన పాఠ్యపుస్తకాలు పని ప్రమేయం అంటాయి. సంసారంలో జీవుడి స్థితి ఇంతకన్నా ఖచ్చితంగా ఎవరు గీసి చూపగలరు? తిరిగే చోటుకు లోటు లేదు, వేగానికి లోటు లేదు, అలసటకూ లోటు లేదు. ఊళ్లు మారతాం, ఉద్యోగాలు మారతాం, మతాలు కూడా మారతాం. అంచు మాత్రం అలాగే ఉంటుంది.

ఆ అంచు దాటించేది వెలుగు. 1887లో హెర్ట్జ్ ఈ సంగతిని అనుకోకుండా గమనించాడు. 1905లో ఐన్‌స్టీన్ కారణం చెప్పాడు. వెలుగు ఎంత ఉందన్నది ముఖ్యం కాదు. వెలుగులోని ఒక్కొక్క ఫోటాను ఎంత శక్తిని మోస్తోందన్నదే లెక్క. ఎర్రని దీపాన్ని ఎంత పెద్దది చేసి ఎన్నేళ్లు వెలిగించినా బంగారం నుంచి ఎలక్ట్రాను రాదు. అతినీలలోహిత కాంతి మినుకుమన్నా చాలు, వస్తుంది. జపమాలలు లెక్కపెట్టుకునే మనకు ఇది కొంచెం ఇబ్బందికరమైన సంగతే. కోటి జపం పూర్తి చేసి, పక్కవాడి మీద కోపం ఇసుమంత తగ్గని సాధకులను కృష్ణగిరిలోనూ చూడవచ్చు, కాశీలోనూ చూడవచ్చు. పరిమాణం పెరిగింది, గుణం పెరగలేదు.

కథ అక్కడితో ముగిస్తే మనలాంటి ఎర్రదీపాలకు ఆశ ఉండదు. 1931లో మరియా గోపెర్ట్-మేయర్ అనే యువతి తన పరిశోధన గ్రంథంలో, రెండు చిన్న ఫోటాన్లు ఒకే క్షణంలో అందితే ఒక పెద్ద ఫోటాను పని చేయవచ్చని సిద్ధాంతరీత్యా చూపింది. దాన్ని ప్రయోగంలో చూడటానికి లేజరు పుట్టేదాకా ఆగవలసి వచ్చింది. ఇప్పుడు ఈ రంగంలో ఎక్కువగా వాడేది 800 నానోమీటర్ల సమీప పరారుణ కాంతి. దాని ఫోటాను ఒక్కొక్కటి మోసేది 1.55 ఎలక్ట్రాన్‌వోల్టులు. టంగ్‌స్టన్ అడిగేది దాదాపు 4.5. ఒక్కటి చాలదు, రెండూ చాలవు. మూడు కలిస్తే 4.65. అయితే మూడూ ఒకదాని తరువాత ఒకటి తీరిగ్గా వస్తే ప్రయోజనం లేదు. మొదటిది ఇచ్చిన ఊపు ఆరకముందే మిగతా రెండూ అక్కడికే చేరాలి. ధారణ, ధ్యానం, సమాధి అనే మూడూ ఒకే వస్తువు మీద కలిసినప్పుడు దాన్ని సంయమం అనాలన్నాడు పతంజలి. పొద్దున ధారణ, మధ్యాహ్నం ధ్యానం అని పంచుకుంటే అది సంయమం కాదు. మూడు అంకె దగ్గర మురిసిపోవద్దు, బంగారానికైతే నాలుగు ఫోటాన్లు కావాలి. పట్టుకోవలసింది అంకెను కాదు. అల్పమైనవి కూడా ఒకే చోట, ఒకే క్షణంలో కూడితే అంచు దాటించగలవు. సామాన్య సాధకుడికి ఉన్న ఒకే ఒక దారి ఇదేనేమో.

అంత వెలుగును ఒకే చోట కూర్చడం ఎలా? ఇక్కడ లోహం ఆకారం ముందుకొస్తుంది. టంగ్‌స్టన్ తీగను రసాయనంలో ముంచి కరిగిస్తూ కొసను పది నానోమీటర్ల వ్యాసార్ధం దాకా సన్నం చేస్తారు. ఆ కొస మీద లేజరు పడితే, వెలుగులోని విద్యుత్ క్షేత్రం అంతా కొస దగ్గర గుమిగూడి అనేక రెట్లు బలపడుతుంది. కృష్ణగిరి క్వారీల్లో గ్రానైట్ దిమ్మెను విడదీసేవాళ్లు బండ నడినెత్తిన సమ్మెటతో మోదరు. గీత గీసి, ఆ గీత వెంట రంధ్రాలు పెట్టి, చీలలు దించి వరసగా తట్టుకుంటూ వస్తారు. కాసేపటికి అంత బండా గీత వెంటే విచ్చుకుంటుంది. బలం ఎక్కడ పడాలో తెలిసినవాడికి బలం తక్కువ చాలు. 2003లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో జి. రవీంద్రకుమార్ బృందం నున్నని రాగి మీదా, రాగి నానోరేణువులు పూసిన రాగి మీదా ఒకే లేజరును ప్రయోగించి చూసింది. రేణువులు పూసిన ఉపరితలం నుంచి వేడి ఎలక్ట్రాన్లూ, వాటి వల్ల పుట్టే ఎక్స్ కిరణాలూ ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయి. అదే సంస్థ హైదరాబాద్ శాఖలో, గోపనపల్లిలో, ఎం. కృష్ణమూర్తి బృందం లోహానికి బదులు సూక్ష్మమైన ద్రవ బిందువులతో ఇలాంటి పనే చేసింది. మొదటి మెరుపుతో బిందువు ఆకారం మార్చి, రెండో మెరుపు వేశారు. మామూలుగా కావలసిన తీవ్రతలో నూరో వంతుతోనే ఎలక్ట్రాన్లు మిలియన్ ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా దూసుకుపోయాయి. లేజరు పెద్దదేమీ కాదు. లక్ష్యాన్ని ముందే మలచుకోవడంలో ఉంది కిటుకంతా. చిత్తశుద్ధి లేకుండా జ్ఞానబోధ పనిచేయదని ఆచార్యులు ఎందుకంతగా నొక్కి చెప్పారో నాకు ఈ బిందువు దగ్గర కొంత అర్థమైంది.

ఇంతవరకూ చెప్పింది గుణం, కూడిక, ఆకారం. అసలు నన్ను కట్టిపడేసిన సంగతి ఇంకొకటి, వెలుగు దశ.

వెలుగు తీవ్రత బాగా పెరిగినప్పుడు ఎలక్ట్రాను ఫోటాన్ల లెక్కతో పైకెక్కదు. వెలుగులోని విద్యుత్ క్షేత్రమే లోహం అంచున ఉన్న అడ్డును వంచి పలచన చేస్తుంది. ఎలక్ట్రాను దానిలో సొరంగం గుండా వచ్చినట్టు బయటపడుతుంది. 1964లో సోవియట్ శాస్త్రవేత్త కెల్దిష్ ఈ రెండు దారులకూ లెక్క కట్టాడు. 800 నానోమీటర్ల కాంతిలో క్షేత్రం ఒకసారి బయటికి లాగి, లోపలికి తోసి, మళ్లీ మొదటికి రావడానికి 2.7 ఫెమ్టోసెకన్లు. మెరుపు మొత్తమే ఆరు ఫెమ్టోసెకన్లదైతే దానిలో పట్టేది రెండు మూడు ఊపులే. అప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. మెరుపు అత్యంత తీవ్రంగా ఉన్న నడుమ భాగంలో క్షేత్రం బయటికి లాగుతూ ఉందా, లోపలికి తోస్తూ ఉందా? తీవ్రత అంతే, రంగు అదే, మెరుపు నిడివీ అదే. శిఖరం ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదొక్కటే తేడా.

2011లో జర్మనీలోని గార్షింగ్‌లో పీటర్ హొమెల్‌హాఫ్ బృందం టంగ్‌స్టన్ కొస మీద ఆ తేడా ఏం చేస్తుందో చూపించింది. దశను మార్చడానికి వాడే సాధనం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఏటవాలుగా కోసిన సన్నని గాజు పట్టకాలను వెలుగు దారిలో కాస్త జరుపుతారు. వెలుగు దాటవలసిన గాజు, వెంట్రుక మందం కన్నా తక్కువ మారితే చాలు, లాగే శిఖరం తోసే శిఖరంగా మారిపోతుంది. బయటికొచ్చే ఎక్కువ శక్తి ఎలక్ట్రాన్ల సంఖ్య దానితో పాటు పూర్తిగా పడి లేస్తుంది. ఒక దశలో ఎలక్ట్రానుకు 500 అట్టోసెకన్ల కన్నా చిన్న ద్వారం ఒకే ఒక్కటి తెరుచుకుంటుంది. ఇంకో దశలో అలాంటి ద్వారాలు రెండు, ఒకదాని తరువాత ఒకటి. రెండు ఉన్నప్పుడు ఎలక్ట్రాను తరంగం తనతో తానే కలహించి వ్యతికరణ పట్టీలు గీస్తుంది. ఒకటే ఉన్నప్పుడు పట్టీలు లేవు.

నిగ్రహం గురించి నా అలవాటు అభిప్రాయాన్ని కదిలించినది ఈ గాజు పట్టకమే. ఎలక్ట్రాను మీద అదుపు సాధించడానికి వాళ్లు ఎలక్ట్రానును బిగబట్టలేదు. వెలుగును పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ఉన్న వెలుగు ఊపును దాని లోపలి దశలో సరిచేశారు. మనోనిగ్రహం అనగానే మనం కళ్లు గట్టిగా మూసుకుని, దవడలు బిగించి, ఆలోచనను అణచడానికి పూనుకుంటాం. అది తీవ్రతతో చేసే ప్రయత్నం, అలిసిపోతాం. ప్రాణం పైకి లేచే ఘడియ, ప్రాణం కిందికి దిగే ఘడియ వేరువేరని తెలిసినవాళ్లు సంధ్యాకాలాలను పట్టుకున్నారు. పగలు రాత్రిలోకి ఒరిగే సమయం, శ్వాస లోపలి నుంచి బయటికి తిరిగే సమయం. అక్కడ చిన్న మొగ్గు చాలు. హోసూరు కొండ మీద కొలువైన దేవుడు తల మీద పున్నమి చంద్రుణ్ని పెట్టుకోలేదు, కళ ఒక్కటే ఉన్న నెలవంకను పెట్టుకున్నాడు. చంద్రచూడేశ్వరుడికి మొక్కేవాళ్లలో ఈ ఎంపిక గురించి ఆలోచించినవాళ్లు ఉండే ఉంటారు. నిండుతనం కన్నా దశే ఆభరణమైంది అక్కడ.

రెండు ద్వారాల సంగతి కూడా లోపల చూసుకోవచ్చు. ఒకే సంకల్పం రెండు క్షణాల్లో రెండు సార్లు బయలుదేరితే, ఆ రెండూ బయట ఎదురుపడి కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సన్యాసం తీసుకుందామని ఒకసారి, పిల్లల పెళ్లిళ్లయ్యాక తీసుకుందామని ఇంకోసారి బయలుదేరినవాడి జీవితంలో ఉండే చారలు మనకు తెలియనివి కావు.

బయటికొచ్చిన ఎలక్ట్రాను వెంటనే విముక్తమైపోదు. అర ఊపు గడిచేసరికి క్షేత్రం దిక్కు మార్చుకుంటుంది, బయటికి లాగినదే వెనక్కి తోస్తుంది. కొన్ని ఎలక్ట్రాన్లు అలా తిరిగొచ్చి పుట్టిన కొసకే ఢీకొంటాయి. ఢీకొని, పక్కకు జరిగి, మళ్లీ బయటికి వెళతాయి. విచిత్రమేమంటే తిరిగిరాకుండా వెళ్లినవాటి కన్నా ఇవి అయిదు రెట్ల దాకా ఎక్కువ శక్తితో వెళ్లగలవు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు భయపడుతూ అడిగే ప్రశ్న ఇక్కడ గుర్తొస్తుంది. యోగం మొదలుపెట్టి నడుమ జారిపోయినవాడి గతి ఏమిటని. కృష్ణుడి జవాబు ఓదార్పు కోసం చెప్పింది కాదనిపిస్తుంది. జారినవాడు మళ్లీ పుట్టవలసి వచ్చినా, మునుపటి అభ్యాసం అతణ్ని ఇంకా ముందుకు తోస్తుందన్నాడు. విశ్వామిత్రుడి కథంతా ఈ తిరుగు ప్రయాణాల కథే.

అయితే అందరికీ తిరిగిరావలసిన పని లేదు. 2012లో గ్యోటింగెన్‌లో క్లౌస్ రోపర్స్ బృందం బంగారు కొసల మీద పొడవైన తరంగదైర్ఘ్యాల పరారుణ కాంతితో చూసింది మరొకటి. కొస దగ్గర బలపడిన క్షేత్రం కొన్ని నానోమీటర్ల దూరంలోనే చల్లారిపోతుంది. క్షేత్రం దిక్కు మార్చుకునేలోగా ఎలక్ట్రాను ఆ చిన్న పరిధిని దాటిపోగలిగితే, ఇక దాన్ని వెనక్కి తోసేది ఏదీ ఉండదు. ఊగిసలాట లేకుండా సాగిపోతుంది. సుఖదుఃఖాల ఊపులో పడి కొట్టుకునేవాడికీ, ఒక్క ఊపులో దాటిపోయినవాడికీ మధ్య తేడా కొన్ని నానోమీటర్లు. ప్రమాద వలయం చిన్నది, మనం దాని లోపలే తచ్చాడతాం. విరక్తి పుట్టిన రోజే బయలుదేరమని జాబాలోపనిషత్తు తొందర పెట్టడానికి కారణం ఇదే అయి ఉండాలి.

మరి మనువు మాట? మూడు ఋణాలూ తీర్చకుండా మోక్షం మీద మనసు పెట్టినవాడు కిందికే పోతాడన్నాడు ఆయన. జాబాలం తొందర పెడుతుంది, మనుస్మృతి ఆపుతుంది. పండితులు దీన్ని అధికారి భేదంతో సర్దుతారు. ప్రయోగశాలలో మాత్రం రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి. ఎలక్ట్రాను అట్టోసెకన్లలో వెళ్లిపోవాలి, అది జాబాలం. కానీ కొస వెనక ఒక తీగ ఉంటుంది. లోహాన్ని విద్యుత్ వలయానికి కలిపే మామూలు తీగ. వెళ్లిపోయిన ప్రతి ఎలక్ట్రాను స్థానాన్నీ ఆ తీగ వెంట వచ్చిన మరొక ఎలక్ట్రాను నింపుతుంది. తీగ తెంపి లోహాన్ని ఒంటరిగా వదిలేస్తే, పోయిన ఒక్కొక్క ఎలక్ట్రానుకూ లోహం మీద ధనావేశం పేరుకుపోతుంది. చివరికి బయలుదేరబోయేవాటిని అదే వెనక్కి లాగుతుంది. వెళ్లేవాడి వేగం గురించి జాబాలం చెప్పింది, వెనక మిగిలిన ఇంటి గురించి మనువు చెప్పాడు. తన స్థానం నింపే ఏర్పాటు చేసి వెళ్లినవాణ్ని ఇల్లు లాగదు. నాకైతే ఋణత్రయానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఇంతవరకూ దొరకలేదు.

ఇంకో చిన్న సంగతి. ఒకే మెరుపులో ఎలక్ట్రాన్లు గుంపుగా వచ్చేస్తే, ఒకే ఆవేశమున్నవి గనుక ఒకదాన్నొకటి తోసుకుని, క్షణం పదును చెదిరిపోతుంది. అందుకే అతి సూక్ష్మమైన ప్రయోగాల్లో మెరుపుకు సగటున ఒక ఎలక్ట్రాను కన్నా తక్కువే వచ్చేటట్టు చూసుకుంటారు. బస్సులు మాట్లాడుకుని సామూహిక ధ్యాన శిబిరాలకు వెళ్లేవాళ్లకు ఈ వాక్యం నచ్చకపోవచ్చు.

హొమెల్‌హాఫ్ బృందమే 2016లో రెండు రంగుల ప్రయోగం ఒకటి చేసింది. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో. ఒక ప్రధాన కాంతి, దానితో పాటు రెట్టింపు పౌనఃపున్యమున్న బలహీనమైన తోడు కాంతి. రెంటి మధ్య దశను మారుస్తూ పోతే టంగ్‌స్టన్ కొస నుంచి ఎలక్ట్రాన్ల ప్రవాహం దాదాపు ఆగిపోవడం, మళ్లీ ఉప్పొంగడం కనిపించింది. తేడా 94 శాతం దాకా. బయటపడటానికి ఉన్న రెండు క్వాంటం దారులు కలిసినప్పుడు విడుదల, కలహించినప్పుడు మూసివేత. మనసును అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ పట్టవచ్చని గీతా చెప్పింది, యోగసూత్రమూ చెప్పింది. అభ్యాసం ప్రధాన కాంతి. వైరాగ్యం మనలో ఎప్పుడూ బలహీనమే, కానీ దాని పౌనఃపున్యం ఎక్కువ. రెండూ పొందికగా నడిస్తే చాలు, వైరాగ్యం కొంచెమే ఉన్నా పని జరుగుతుంది. పొందిక తప్పితే, ఎంత అభ్యాసమున్నా ద్వారం మూసుకునే ఉంటుంది. వైరాగ్యం లేని అభ్యాసం కన్నా, తప్పు సమయంలో వచ్చిన వైరాగ్యం ఎక్కువ చెరుపు చేస్తుందని పెద్దలు ఊరకే అనలేదు.

ఇక అద్వైతి అడగబోయే ప్రశ్న. ఎలక్ట్రాను ఇక్కడి నుంచి అక్కడికి పోతుంది. ఆత్మ ఎక్కడికి పోతుంది? శంకరుల మతంలో మోక్షం అంటే ప్రయాణం కాదు, ఉన్నదాన్ని తెలుసుకోవడం. ఈ పోలిక అక్కడ చెల్లదు. అర్చిరాది మార్గాన్ని నమ్మే విశిష్టాద్వైతికి మాత్రం బాగా నచ్చుతుంది. జీవుడు వెలుగును చేరి ఆ దారిన సాగిపోతాడన్న మాట ఛాందోగ్యంలోనే ఉంది. అద్వైతి కోసం క్వాంటం శాస్త్రం ఒక చిన్న సంగతి దాచి ఉంచింది. ఎలక్ట్రాను గుండు కాదు, తరంగం. లోహం అంచు దగ్గర ఆ తరంగం ఠక్కున ఆగిపోదు. నానోమీటరులో పదో వంతు మేర బయటి శూన్యంలోకి ఎప్పుడూ పరుచుకునే ఉంటుంది. లేజరు రాకముందు కూడా. బంధంలో ఉన్నప్పుడే బయట కూడా ఉంది. దీని మీద అద్వైతాన్ని నిలబెట్టే సాహసం నేను చేయను. పూర్తిగా కొట్టిపారేయలేనని మాత్రం ఒప్పుకుంటాను.

ఈ పరిశోధనకు ప్రయోజనాలున్నాయి. పరమాణువుల కదలికను ఫొటో తీసే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులు, కాంతి ఊపుతో పాటు పనిచేసే అతివేగ ఎలక్ట్రానిక్ పరికరాలు వంటివి. వాటి గురించి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. హోసూరుకు కొద్ది దూరంలోని తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ ఉపనిషత్తుల మీద పుస్తకం రాశాడు, అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టుగా రసాయన శాస్త్రం మీద తమిళంలోనూ పుస్తకం రాశాడు. రెంటినీ కలిపి ఒకే పుస్తకంగా రాయలేదు. ఆ జాగ్రత్త మంచిదే. ఎలక్ట్రానుకు కోరిక లేదు, పశ్చాత్తాపం లేదు, దాని దశను సరిచేసే గాజు పట్టకం వేరొకరి చేతిలో ఉంది. జీవుడి విషయంలో పట్టకం ఎవరి చేతిలో ఉందన్నది ద్వైతికీ అద్వైతికీ ఇంకా తేలని వివాదం. లోహపు కొస దాన్ని తేల్చదు.

కాబట్టి పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ పోలికలను నా మాట మీద ఒప్పుకోవద్దు. విభూతి పాదంలో 52వ సూత్రాన్ని (కొన్ని ప్రతుల్లో 53వది) వ్యాసభాష్యంతో సహా ఒకసారి సొంతంగా చదవండి. సంస్కృతం రాకపోతే తెలుగు వ్యాఖ్యానంతో చదవండి. క్షణం నిర్వచనం దగ్గర ఆగి, విడవడం అన్న మాట కింద గీత గీసుకుని, ఆ తరువాత గంటల లెక్కన చేసే మీ సాధనలో ఏది పరిమాణమో ఏది దశో మీరే తేల్చుకోండి.